రెండు జవాబుల షట్టర్

రాయచూరు లాడ్జిలో ప్రోగ్రామర్ శవాన్ని చూసినప్పుడు ఏజెంట్ రంగాకు ఏమీ అనిపించలేదు. జోడీ ఏజెంటును పోగొట్టుకున్నప్పటి నుంచీ అంతే. తింటాడు, నిద్రపోతాడు, చెప్పిన పని చేస్తాడు.

చీఫ్ వెంకోబరావు ఫోన్లోనే బ్రీఫింగ్ ఇచ్చాడు.

"సచ్చినోడు ఏం రాసిండో ఎరుకనా?"

"కాలువ గేట్ల యాప్."

"దాంట్ల ఫారిన్ ముఠా బగ్ దాసింది. ఇయ్యాల సిరవార కాడ నీళ్ళిడుస్తరు. ముఠాకిది ట్రయలే. ఇక్కడ నడిస్తే రేపు పెద్ద డ్యాముల మీద పడ్తరు. జల్ది దొర్కవట్టు."

రంగా శవం పక్కనున్న ల్యాప్‌టాప్ తెరిచాడు. హైబ్రిడ్ యాప్. పైకి కనిపించేది వెబ్ పేజీ, గేటుతో మాట్లాడేది ప్లగిన్. పేజీ ఆర్డర్ పంపేసి తన దారిన తాను పోతుంది. జవాబు వచ్చినప్పుడు కాల్‌బ్యాక్ అనే కోడ్ ముక్క లేచి తర్వాతి పని చేస్తుంది. కింది షట్టర్‌ను మూసుకోమంటే రెండు జవాబులు రావాలి. ముందు 'ఆర్డర్ అందింది', తర్వాత 'మూసుకున్నాను'. రెండోది వచ్చాకే పై గేటు తెరుచుకోవాలి. రంగా టెస్ట్ మోడ్‌లో నొక్కినప్పుడల్లా యాప్ బుద్ధిమంతుడిలా అలాగే చేసింది.

ఎరువుల కంపెనీ టోపీ పెట్టుకుని, బైకు మీద సిరవార కాలువ గట్టు చేరాడు. గేట్లు చూసుకునే లస్కరు కోటి, రోడ్డు కింది సొరంగంలో దూరి నాచు లాగుతున్నాడు. సొరంగం ముందున్న కింది షట్టర్ మూసుకుంటే నీళ్ళు పక్క కాలువకు మళ్ళుతాయి. మూసుకోకపోతే కోటి మీదికే. ఫోన్ అతని భార్య పావని చేతిలో ఉంది, పాలిథిన్ కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి.

"ఇదేందమ్మా?"

"బురద చేతులు కదండీ. ఇక్కడ అందరం ఇలాగే చుట్టుకుంటాం. కవరు మీద ఒక్క నొక్కుకి పట్టిందో లేదో తెలీదండీ, అందుకే రెండుసార్లు నొక్కుతాం. ఇప్పుడే నొక్కాను."

రెండు నొక్కులు. రెండు ఆర్డర్లు. రెండూ ఒకే కాల్‌బ్యాక్‌కు. రెండు 'అందింది'లు వచ్చిపడ్డాయి. యాప్ జవాబును చదవడం లేదు, లెక్కపెడుతోంది. రెండు వచ్చాయి కాబట్టి షట్టర్ మూసుకుందని తేల్చేసింది. కళ్ళెదుట షట్టరేమో నాచు పట్టి నత్తనడకన దిగుతోంది. పై గేటు సైరన్ మోగింది. స్క్రీన్ మీద కౌంట్‌డౌన్. ఆపే బటన్ లేదు.

"ఏవయ్యోయ్! బయటికి రా!" పావని సొరంగంలోకి అరిచింది. సైరన్ మోతలో ఆ అరుపు కలిసిపోయింది.

రంగా కవరు చించి ఫోనుకు ల్యాప్‌టాప్ కేబుల్ పెట్టాడు. లోపలున్నది వెబ్ పేజీయే కాబట్టి నడుస్తుండగానే కోడ్ మార్చవచ్చు. అప్పుడు మెడకు పిస్టల్ తగిలింది.

"చెయ్యి తియ్యి, రంగా."

నేత్ర. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, ఖరీదైన సెంటు. చీఫ్ కింద పనిచేసే ఏజెంటే. ముఠా మనిషి కూడా అని ఇప్పుడు తేలింది. లస్కర్లకు యాప్ ట్రైనింగ్ ఇచ్చింది ఆమే. పాలిథిన్ కవర్ల సంగతి ముఠాకు చేరవేసిందీ ఆమే అయ్యుండాలి.

రంగా టైప్ చేస్తూనే ఉన్నాడు.

"భయం గిట్ల లేదా నీకు?"

"ఎప్పుడో పోయింది. కాల్చేదుంటే కాల్చు. లోపట మనిషున్నడు."

నేత్ర సొరంగం వైపు చూసింది. పావని మోకాళ్ళ మీద పడి, గొంతు చిరిగిపోయేలా మొగుణ్ణి పిలుస్తోంది.

"పంట మునుగుతదన్నరు," నేత్ర పిస్టల్ దించింది. "మనిషుంటడని చెప్పలే."

రంగా ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో గుర్తు ఇచ్చాడు. ఆ గుర్తుతో 'మూసుకున్నాను' అని వస్తే తప్ప పై గేటు కదలకూడదని రాశాడు. ఎంటర్ కొట్టాడు.

కౌంట్‌డౌన్ ఒకటి దగ్గర ఆగిపోయింది.

కాసేపటికి కోటి నాచు మోపుతో బయటికొచ్చాడు. పావని అతని వీపు మీద నాలుగు గుద్ది, ఆ వీపు మీదే పడి ఏడ్చింది. రంగాకు లోపల ఏమీ కదల్లేదు. చేతులు మాత్రం చినిగిన కవరును మళ్ళీ ఫోనుకు చుడుతున్నాయి. వాటిని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. నేత్ర తన చేతులు చాపింది. బేడీలు వేశాడు.

"నన్ను చంపబోయింది ఏ దేశపోళ్ళండీ?" కోటి అడిగాడు.

"ఇంకా తెల్వదు."

"సరే, తీరిగ్గా కనుక్కోండి." కోటి తల తుడుచుకున్నాడు. "ముందు ఆ నీళ్ళొదలండీ, నారు ఎండిపోతోంది."