మూత తెరవని డబ్బా

తెల్లబడాలని క్రీము రాస్తే ఇష్రాకా ముఖం తెల్లబోయింది... బుగ్గలు మాత్రం ఎర్రగా పొంగి పొక్కులు కట్టాయి! పెళ్లికింకా ఐదు రోజులు. పెళ్లికూతురి ఒంటికి నిగారింపు రావాలని నలభై రోజులు పట్టిన పొగస్నానం, ఎండ కన్నెరగని గది, అంతా వృథా అయిపోయిందని ఓమ్‌దుర్మాన్ పట్నంలోని ఆ ఇంటి ఆడవాళ్లంతా తల్లి సిట్టనా మీద పడ్డారు.

క్రీము తెచ్చింది ఆవిడే మరి! క్రీములు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం. రిజిస్టరైన సరుకు, పాడవకుండా కలిపే నిల్వమందు హద్దులోనే ఉందని స్వయంగా తేల్చి, సంతకం పెట్టి తెచ్చింది. దుకాణంలో తూచి అమ్మే పేరూ ఊరూ లేని కలగలుపును గడప తొక్కనివ్వలేదు. ఇరవై ఏళ్లు సీసాలు చూసిన మనిషి కూతురి ముఖం చూడలేకపోయిందని ఆడపడుచు బతూల్ వీధంతా చాటింది. పెళ్లి వాయిదా వేద్దామని మగపెళ్లివారి కబురూ వచ్చేసింది.

సిట్టనా ఏడవలేదు. డబ్బాను చెంగున కట్టుకుని పనికి పోయింది. పరీక్షిస్తే నిల్వమందు హద్దుకి మూడింతలు! తన సంతకమే తన బిడ్డను కాల్చిందా? క్రీము నిలవడానికి వేసిన మందు పిల్ల పెళ్లిని నిలవనివ్వదా? అయితే పరీక్షకు వచ్చిన ప్రతి పెట్టెలోంచీ ఒక డబ్బాను మూత తీయకుండా బీరువాలో దాచడం అక్కడి పద్ధతి. తను తెచ్చిన డబ్బా ఉన్న పెట్టెలోంచి అలా దాచినదాన్నీ పరీక్షించింది. అందులో హద్దు దాటలేదు.

పెళ్లికూతురి చేతులు నల్లగా పండించే గోరింటాకు రోజున అందరి మధ్యా రెండు డబ్బాలూ పెట్టింది.

"మూత తెరవనిది మంచిది. మనింట్లోది కాల్చేది. మధ్యలో వేలు పెట్టిందెవరు?"

బతూల్ తల వాలిపోయింది. రిజిస్టరు క్రీము నత్తనడక నడుస్తోందని, సగం తోడేసి, ఆ చోటులో దుకాణం కలగలుపు నింపిందట.

"నా పెళ్లిలో నన్ను బొగ్గుబస్తా అన్నారే సిట్టనా... మన పిల్లని ఎవరూ అనకూడదనుకున్నా."

సిట్టనా ఆమె చెయ్యి పట్టుకుంది. "కడగాల్సింది అన్నవాళ్ల నోళ్లు వదినా. పిల్ల ముఖం కాదు."

ఇష్రాకా లేచి, గది కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. లోపలికి ఎండ దూకింది.

"మగపెళ్లివారు ఈ ముఖం చూసే నన్నడిగారు, పొక్కులతో సహా ఇదే వస్తుంది. పెళ్లి అనుకున్న రోజే, చెప్పి పంపండి. కాదంటే వాళ్లిష్టం." అని మేనత్త ముందు కూర్చుని అరచేతులు చాపింది.

"గోరింటాకు నువ్వే పెట్టాలత్తా. బాగా నల్లగా పండాలి."