సగం గ్లాసు ఛాయ్

పొద్దుగాల ఆరింటికే చౌటుప్పల్ల ఫ్యాక్టరీ బస్సులు హారన్లు కొట్టవట్టినయ్. రోజారమణి గిన్నెకు సర్వపిండి ఒత్తి, పొయ్యి మీద పెట్టి మూతేసింది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు నిండుగ ఏసింది. మామ బక్కయ్యకు అదంటే పానం. పేరుకే బక్కయ్య గని, ఒకప్పుడు రెండు గిన్నెలు ఒడగొట్టి, "కోడలా, రుచి సూసిన, ఇగ అన్నం పెట్టు" అనేటోడు.

"మామా, వేడివేడిగున్నది. ఒక్క ముక్క తినిపో."

"కడుపుల జాగ లేదు బిడ్డా. రాత్రి కలల పెండ్లికి పోయొచ్చిన. ఏం భోజనాలే అవి!"

అనుకుంటనే కండువ భుజానేసుకొని, కోడలి చెప్పు ఒకటి కిటికీల దాసిపెట్టి, ఏమెరుగనట్టు బయటపడ్డడు. డెబ్బై రెండేండ్లొచ్చినా చేష్టలు పోలే. మొన్నటికి మొన్న పాలు పోసే పెద్దులుకు "నీ బర్రె తప్పిపోయిందట" అని చెప్పి, క్యాన్లు ఈడనే ఇడిసి ఇంటిదాక ఉరికేటట్టు చేసిండు.

నవ్వేటోళ్లు నవ్వుతరు. రోజారమణికి మాత్రం రెండు నెలలసంది నవ్వొస్తలేదు. పొద్దున టిఫిన్ వద్దంటడు. మాపటికి కంచం పట్టుకొని మగ్గం గదిలకు పోయి, తలుపు దగ్గరేసుకొని తింటడు. ఏందని అడిగితే, "మగ్గానికి సుత పెట్టాలె గద" అంటడు.

పదింటికి కిరాణం కాడికి పోతే నిర్మలమ్మ ఎదురైంది.

"ఏమే రోజా, మీ మామకు బువ్వ పెడ్తలేవట?"

"ఎవలన్నరు వదినా?"

"ఎవలో అంటరా? ఆయననే అన్నడు. యాకూబ్ టిఫిన్ బండి కాడ దినాం తింటుండు. ఎందుకొస్తున్నవ్ చాచా అని యాకూబ్ భార్య మెహరాజ్ అడిగితే, 'మా కోడలు పొయ్యి ముట్టిస్తలేదమ్మా, నాకు మీరే దిక్కు' అన్నడట. మా ఆయన చెవులార విన్నడు."

రోజారమణి సరుకులు తీస్కోకనే ఇంటి తొవ్వ పట్టింది. పందొమ్మిదేండ్లాయె ఆ ఇంటికొచ్చి. అత్త మంచంల ఉన్నప్పుడు చెయ్యి పట్టుకొని ఒక్కటే చెప్పింది. "మీ మామ ఆకలైతే అడగడు బిడ్డా, పరాష్కమాడి నవ్విస్తడు. నువ్వే తెలుసుకోవాలె." ఆ మాట కోసం గిన్ని దినాలు ఆయన తిన్నంకనే తను తిన్నది.

మాపటికి ఆమె పెనిమిటి పరమేశ్వర్ డ్యూటీ దిగి వచ్చిండు. మొఖం మాడిపోయి ఉన్నది.

"హుజూర్‌నగర్ కెల్లి అరుణక్క ఫోన్ జేసింది. ఆదివారం వచ్చి బాపును తీస్కపోతదట. 'నీ పెండ్లాం పెట్టకుంటే మా ఇంట్ల కరువు లేదు' అన్నది. నేనేం జెప్పాలె?"

"నన్నెందుకు అడుగుతవ్? మీ బాపునే అడుగు."

బక్కయ్య మగ్గం గదిలకెల్లి నవ్వుకుంట వచ్చిండు. "ఏందిరా, ఇంట్లనే పంచాయితి పెట్టిన్రు?"

"మామా, నేను పొయ్యి ముట్టిస్తలేనా?"

"అయ్యో, గది పరాష్కానికన్న బిడ్డా..."

"పరాష్కమా! ఒక్క పూటన్న నీకు పెట్టక నేను తిన్ననా? నా వంట బాగలేదా, బాగలేదని చెప్పు. హోటల్ రుచి మరిగినవా, మరిగిన అని చెప్పు. ఊర్ల నా మొఖానికి మసెందుకు పూసినవ్ మామా?"

ముసలోడు రెండు చేతులు కండువ కింద దాసుకున్నడు. ఎప్పటి లెక్కనే ఏదో ఒకటంటడని మొగుడు పెండ్లాలు ఎదురు సూసిన్రు.

"అరుణ రానీ. పోత," అన్నడు, లోపలికి పోయిండు.

ఆ ఇంట్ల బక్కయ్య పరాష్కం లేకుంట మాట్లాడుడు అదే మొదలు. రోజారమణికి తిట్టినా గంత నొప్పి కాకపోవు.

తెల్లారి మళ్ల సర్వపిండి చేసిపెట్టి, ఆయన ఎనకనే నడిచింది. అందరి ముందట అడుగుదామనే పోయింది. పాత బస్టాండు కాడ యాకూబ్ బండి సుట్టూ ఫ్యాక్టరీకి పోయేటోళ్లు, ఆటోలోళ్లు మూగి ఉన్నరు. మెహరాజ్ పూరీలు తీస్తుంటే యాకూబ్ ప్లేట్లు అందిస్తుండు. బక్కయ్యను సూడంగనే యాకూబ్ ప్లేటు తియ్యలే. రెండు పూరీలు ముక్కలు ముక్కలు చేసి లోతు గిన్నెల ఏసిండు, మీదికెల్లి కూర పోసి పెద్ద చెంచా పెట్టిండు. గ్లాసుల ఛాయ్ సగమే పోసిండు.

బక్కయ్య గిన్నెను బండి పలక మీద పెట్టి, ఎడమ చేత్తోటి కుడి మణికట్టు ఒడిసి పట్టుకున్నడు. గట్ల పట్టుకున్నా చెంచా ఆగలే. నోటిదాక పోయేసరికి సగం కూర కింద పడ్డది. పక్కన ఆటోడ్రైవర్ అంగీ మీద సుత చట్నీ పడ్డది. దులుపుకొని తిన్నడు. ఎవ్వలు ఎవ్వల దిక్కు సూడలే.

రోజారమణికి రెండు నెలల కిందటి సంగతి యాదికొచ్చింది. బతుకమ్మ పండుగనాడు ఇల్లంత చుట్టాలున్నరు. మామ చేతిలకెల్లి పప్పు అంగీ మీద ఒలికింది. ఆమెనే అన్నది: "మెడకు గుడ్డ కట్టాల్నా మామా, చంటిపిల్లగానికి కట్టినట్టు?" అందరు నవ్విన్రు. అందరి కన్న ఎక్కువ మామనే నవ్విండు. ఆ మరునాటిసందే ఇంట్ల అందరి ముందట తినుడు బందైంది.

"మామా," అన్నది దగ్గరికి పోయి.

బక్కయ్య ఉలిక్కిపడ్డడు. చెయ్యి కండువ కిందికి పోయింది. "ఏం కోడలా, నీకు సుత పొయ్యి ముట్టలేదా?"

"చేతులు ఎప్పటిసంది వణుకుతున్నయ్ మామా?"

బక్కయ్య కండువ కిందికెల్లి చేతులు బయటికి తీసిండు.

"చీకట్ల తెగిన పోగుకు ముడేసిన చేతులు బిడ్డా ఇవి," అన్నడు మెల్లగ. "ఇప్పుడు బుక్క ఆగుత లేదు. ఇంట్ల పడితే నువ్వు తుడుస్తవ్. ఈడ అందరియీ పడ్తయ్. మెహరాజ్ అడిగితే ఏం చెప్పాల్నో తోచలే. నా సిగ్గు దాసుకునేటందుకు నీ పేరు అడ్డం పెట్టిన."

ఎనకకెల్లి ఎవలో అన్నరు, "ఏం బక్కన్నా, కోడలొచ్చిందని మాట మారుస్తున్నవా?" అందరు గొల్లున నవ్విన్రు.

"లేదురా. నా కోడలు పొద్దుగాల్నే సర్వపిండి చేసింది. నేనే తినలే. నేను చెప్పింది అబద్ధం."

ఇంక ఎక్కువ నవ్విన్రు. జన్మంత అబద్ధాలాడి నవ్వించినోడు నిజం చెప్తే ఎవడు నమ్ముతడు?

"యాకూబ్ భాయ్, గ్లాసు నిండ ఛాయ్ పొయ్యి."

"వద్దు చాచా."

"పొయ్యరాదు!"

యాకూబ్ పోసిండు. బక్కయ్య ఒక్క చేత్తోటే గ్లాసు లేపిండు. ఛాయ్ మునివేళ్ల మీద, కండువ మీద, చెప్పుల మీద ఒలికింది. నోటి కాడికి వచ్చేసరికి గ్లాసుల అడుగు చుక్కలే మిగిలినయ్.

"గిది పరాష్కం కాదు," అన్నడు.

నవ్వులు ఆగిపోయినయ్. రోజారమణి కొంగు తీసి ఆయన ఏళ్లు ఒక్కొక్కటి తుడిసింది.

"పండుగనాడు నేను పరాష్కమాడొద్దుండె మామా," అన్నది.

"నా కాడ నేర్చిందేనాయె," అన్నడు ముసలోడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "పోదాం పా బిడ్డా. సర్వపిండి సల్లారుతది."

సోమారం నల్లగొండ దవాఖానకు పోదామని పరమేశ్వర్ సెలవు పెట్టిండు. ఆదివారం అరుణమ్మ సంచి పట్టుకొని, మూతి ముడుసుకొని రానే వచ్చింది. రోజారమణి చాప పరిసి అందరిని కూసోబెట్టింది. సర్వపిండి చిన్న చిన్న తునకలు చేసి అందరికీ గిన్నెలల్లనే పెట్టింది. నాలుగు గ్లాసులల్ల ఛాయ్ పోసింది. ఆడబిడ్డకు, మొగనికి, మామకు, తనకు, అన్నిట్ల సగమే.

అరుణమ్మ గ్లాసు దిక్కు సూసింది. బాపు చేతుల దిక్కు సూసింది. ముడుసుకున్న మూతి అదిరింది. సంచి మెల్లగ ఎనకకు జరిపింది.

బక్కయ్య గ్లాసు లోపలికి తొంగి సూసిండు. "ఏం కోడలా, పెద్దులు బర్రె నిజంగనే తప్పిపోయిందా? అందరికి సగమే పోసినవ్?"

"మిగిలిన సగం మళ్ల పోస్త మామా. ముందుగాల గిది తాగు."

ఆయన రెండు చేతులతోటి గ్లాసు లేపిండు. రెండు చుక్కలు చాప మీద పడ్డయ్. ఎవ్వలు సూడలే.