తలకొరివికి రాని అన్న

ఆ ఆదివారం పొద్దున్నే హైమావతి తలంటుకుని, బీరువా అడుగున ఉన్న ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుంది. ప్లేట్లో దోసెతో వచ్చిన కూతురు కరుణశ్రీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నిజంగానే బాపట్ల వెళ్తున్నావా అమ్మా? పెదనాన్న పేరెత్తితేనే మండిపడేదానివి కదా!”

“మీ స్నేహక్కకి సంబంధం ఖాయం చేసుకోవడానికి రేపల్లె వాళ్ళొస్తున్నారటే. ‘పిన్నీ, నువ్వు తప్పకుండా రావాలి’ అని అదే ఫోన్ చేసింది. వెళ్ళొద్దూ?” అని నవ్వింది హైమావతి.

ఆ నవ్వు చూస్తే కరుణకి భయమేసింది. “పోనీ, నేనూ వస్తాను.”

“టెన్త్‌లోకి వస్తూ ట్యూషన్ మానేస్తావా? మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను.”

తెనాలి స్టేషన్లో రైలెక్కాక, అక్కడ చెప్పబోయే మాటల్ని మరోసారి మనసులో వల్లె వేసుకుంది. నాలుగేళ్ళుగా పదును పెట్టుకుంటున్న మాటలే అవి.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ మే నెలలో, ముందు బాపట్లలో తోడికోడలు సుశీల పోయింది. ఊళ్ళో ఒక్కరూ గడప దాటలేదు. హైమావతి భర్త రవిశంకర్ మాత్రం, “అన్నయ్య ఒక్కడే అయిపోయాడే” అంటూ బండేసుకుని వెళ్ళాడు. వదిన పాడె మోసి వచ్చాడు. మూడో రోజుకి జ్వరం, పదో రోజుకి ప్రాణం పోయింది.

తెనాలి శ్మశానం గేటు దగ్గర ఆమె మూడు గంటలు ఎదురుచూసింది. బావగారు నరసింహారావు రాలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. వెనక ఇంకా శవాలున్నాయి, ఇక ఆగలేం అన్నారు అక్కడివాళ్ళు. పదకొండేళ్ళ కరుణ చేతిలో కొరివి పెట్టారు.

పెద్దకర్మనాడు ఆయన వస్తే హైమావతి గుమ్మంలోనే ఆపేసింది. “రాలేకపోయానమ్మా” అన్నాడే తప్ప మరో మాట లేదు.

“మీ ఇంట్లో నలుగురూ నవ్వుకునే రోజొకటి వస్తుంది. ఆ రోజు వస్తాను” అని మొహం మీదే తలుపేసింది.

ఇవాళ ఆ రోజు వచ్చింది.

బాపట్లలో హాలు నిండా మనుషులు. పెళ్ళికొడుకు అభిరామ్ తల్లి కాఫీ తాగుతూ, “మీరు అమ్మాయికి ఏమవుతారండి?” అని మర్యాదగా అడిగింది. హైమావతి కాచుకుని కూర్చున్నది ఆ మాట కోసమే.

“పిన్నినండి. ఈయన భార్య పాడె మోసి, ఆ జబ్బే తెచ్చుకుని పోయాడే, ఆ తమ్ముడి భార్యని. తమ్ముడు పోయాడని కబురు పెడితే ఈ పెద్దమనిషి ప్రాణభయంతో ఇంట్లో దాక్కున్నాడండి. పదకొండేళ్ళ నా బిడ్డ తండ్రికి తలకొరివి పెట్టింది. ఈ ఇంటితో వియ్యమందుతారో లేదో మీరే ఆలోచించుకోండి!”

నరసింహారావు తల వంచుకుంటే హైమావతి కళ్ళారా చూసింది.

“మాట్లాడరేం? కాదనండి చూద్దాం!”

“ఏం చెప్పనమ్మా. నేను రాని మాట నిజమే.”

“ఇంక చాలు నాన్నా!” గదిలోంచి స్నేహ వచ్చేసింది. కాటుక చెంపల మీదికి కారుతోంది. “పిన్నీ, నాన్న చొక్కా వేసుకుని బయల్దేరారు. నేనే గదికి బయటినుంచి తాళం వేశాను. ఫోన్ కూడా లాక్కున్నాను. అమ్మ పోయి పది రోజులే. అమ్మ కోసం వచ్చినందుకే బాబాయ్ పోయాడు. నాన్న కూడా వెళ్తే ఇక తిరిగి రారనిపించింది. ‘తియ్యవే తల్లీ, వాడు నా తమ్ముడే’ అని సాయంత్రం దాకా తలుపు బాదుతూనే ఉన్నారు. నేను తియ్యలేదు పిన్నీ.”

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?” అంది హైమావతి నరసింహారావు వైపు తిరిగి.

“అప్పటికే అది తిండి మానేసిందమ్మా, తప్పంతా తనదేనని. నీ కోపం నా మీద ఉంటే పోయేదేముంది? పిల్ల తట్టుకోలేదు. ఇప్పటికీ నేను కూరగాయలకి వెళ్తే, వచ్చేదాకా వీధిలోనే నిలబడుతుంది.”

అంతలో హైమావతి సంచిలో ఫోన్ మోగింది. కరుణ. పొద్దుటినుంచి ఇది ఆరోసారి.

“అమ్మా, బాగానే ఉన్నావా? ఆయాసం ఏం లేదుగా? ఎప్పుడొస్తావు?”

“బాగానే ఉన్నానే. వచ్చేస్తాను” అని ఫోన్ పెట్టేసింది. తను మధ్యాహ్నం కునుకు తీస్తే కరుణ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. నాలుగేళ్ళుగా తెలుసు. తెలిసీ ఆ పిల్లని ఒక్కరోజైనా దగ్గర కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పిందా? పెదనాన్న మీద పగ నూరిపోయడంతోనే సరిపోయింది.

పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తుడుచుకుంది. “మా మావగారి చివరిచూపు మాకూ ఫోన్లోనే దక్కిందండి. ఆ రోజుల్లో ఎవరం ఎలా ఉన్నామని ఎవర్ని ఏమంటాం? స్నేహ మా పిల్లే. మేం మాట మార్చం.”

హైమావతి స్నేహని గుండెకి అదుముకుంది. “నువ్వు చేసిందే నా కరుణ కూడా చేసేది తల్లీ. నేనే... తెలుసుకోలేకపోయాను.” ఇద్దరూ చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చారు. తర్వాత ఆమె మొహం తుడుచుకుని నరసింహారావు దగ్గరికి వెళ్ళింది.

“బావగారూ, వచ్చే నెల ఆయన తద్దినం. ఏటా కరుణ ఒక్కతే కూర్చుంటోంది. ఈసారి దాని పక్కన మీరు కూర్చోవాలి.”

ఆయన తల ఊపబోయాడు. అంతలోనే, “శంకరం... నా శంకరం...” అంటూ గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.