మూడో మెట్టు దాకా

వెనక గదిలో మూడో గిన్నె కూడా నిండింది.

ఆదివారం ఉదయం. బయట వాన కొత్తల్లుడిలా తీరిగ్గా, వెళ్ళే ఆలోచనే లేకుండా కురుస్తోంది. అదే వాన పెంకుల సందుల్లోంచి దారి వెతుక్కుని లోపలికొచ్చి, ఒక చుక్క స్టీలు గిన్నెలో, ఒక చుక్క బకెట్లో, ఒక చుక్క పాపాయి కోసం కొన్న చిన్న మంచం పక్కన పెట్టిన మూకుడులో పడుతోంది.

తొమ్మిదో నెల పొట్టని ముందు పంపించి, వెనకాల తను నడుస్తూ ఆమె గుమ్మం దాకా వచ్చి చూసింది.

"రేపు గారూ!" అని కేకేసింది.

వంటింట్లో కాఫీ కలుపుతున్న భర్త ఉలిక్కిపడ్డాడు. అది ముద్దుపేరేం కాదు. పెంకులు ఎప్పుడు సర్దుతావని అడిగిన ప్రతిసారీ 'రేపు' అంటున్నందుకు ఆమె ఇచ్చిన బిరుదు.

"వస్తున్నా, వస్తున్నా" అంటూ రెండు కప్పులతో వచ్చాడు. మంచం వైపు చూశాడు, మూకుడు వైపు చూశాడు. పైకి మాత్రం చూడలేదు.

"మంచం ఇటు జరుపుదాం. ఇక్కడ పడట్లేదు" అన్నాడు.

"రాత్రి అక్కడా పడింది. ఇలా జరుపుకుంటూ పోతే పాపాయికి నడక వచ్చేసరికి మంచం వీధిలో ఉంటుంది."

"వాన తగ్గనీ. తడి పెంకుల మీద కాలు జారుతుంది."

"పోయిన వారం ఎండ కాసింది. అప్పుడు 'పెంకులు కాలిపోతున్నాయి' అన్నావు."

అతను కాఫీలోకి చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎప్పుడూ ఆమె కోపం సగానికి దిగుతుంది. ఈసారి దిగలేదు.

"ముప్పై లిఫ్టులు చూసుకుంటావు. ఎవరో పదో అంతస్తులో ఇరుక్కుపోతే అన్నం కంచం వదిలేసి పరిగెడతావు. సొంతింట్లో పది పెంకులు మార్చడానికి రెండు నెలలా? పోనీ నేను మేస్త్రీని పిలిస్తే, నా పాపాయి గది నేనే చేసుకుంటానని ఆయన్ని గుమ్మంలోంచే పంపేశావు."

"చేస్తాను. నిజంగా."

"ఎప్పుడు?"

నోటిదాకా వచ్చిన మాటని అతను మింగేశాడు.

ఆమె కప్పు కిటికీలో పెట్టింది. చాలా రోజులుగా అడగాలనుకుని అడగలేని మాట, ఇంత చిన్న గొంతుతో వస్తుందని తనే అనుకోలేదు.

"నీకు పాపాయి రావడం ఇష్టమేనా?"

"అదేం మాట?"

"మరి ఈ గదిలోకి రావడానికే ఎందుకు భయపడుతున్నట్టు ఉంటావు?"

అతని మొహం ఒక్కసారి పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు. అంతలో ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట. అతను ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోవడం ఆమె చూసింది. ఎవరో ఇరుక్కుపోతే తన మొగుడు బయటపడ్డట్టుంది.

ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అక్షరాల చార్టు ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, ఒక్కో అద్దం మార్చి చూపు సరిచేయడం ఆమె పని. అతను దొరికింది కూడా ఆ కుర్చీలోనే. నాలుగేళ్ళ కిందట వచ్చి, పెద్ద అక్షరం కూడా తప్పు చదివాడు. "చార్టు అటుందండీ, నేను ఇటున్నాను" అందామె. "తెలుసండీ, అక్షరాలు రేపు చదువుతాను" అన్నాడు. నిజంగానే మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. చూపులో ఏ లోపమూ లేని మనిషికి ఆ షాపులో అన్నిసార్లు పరీక్ష జరగడం అదే మొదలు, అదే చివర.

ఆ 'రేపు' అప్పట్లో ఎంత తియ్యగా ఉండేది!

సోమవారం మధ్యాహ్నం షాపుకి అతని సూపర్‌వైజర్ వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"పేపరు చేతికి దూరంగా జరుపుకుంటూ పోతున్నానమ్మా. ఇంక చెయ్యి చాలట్లేదు" అంటూ కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె నవ్వి పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టింది. "కింది వరస చదవండి సార్. ఇప్పుడు బాగుందా, ఇందాకటిదా?"

"ఇప్పుడే. అన్నట్టు మీవాడి నడుమెలా ఉందమ్మా?"

"నడుమా?" ఆమె ఇంకో అద్దం తీసింది. "ఇది?"

"ఇది కొంచెం మసక. అదే, రెండు నెలల కిందట నిచ్చెన జారి పడ్డాడు కదా. అంత ఎత్తు నుంచి పడి, మూడు రోజులు హాస్పిటల్లో ఉన్నా, ఎముక విరక్కుండా బయటపడ్డం అదృష్టం అనుకో."

ఆమె చేతిలో అద్దం ఆగిపోయింది.

ఆయన చార్టు వైపే చూస్తూ చెప్పుకుపోతున్నాడు. "నొప్పి తగ్గిందంటాడు గానీ, భయం తగ్గలేదు పాపం. నిచ్చెన మీద చెయ్యి వేస్తే చాలు, వణుకుతాడు. అందుకే కింద ప్యానెల్ పని ఇచ్చాను. కుర్రాడు బంగారం. కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది. ఏమ్మా, అద్దం మార్చవేం?"

"మారుస్తున్నా సార్."

"నీకు చెప్పలేదా?" ఆయన ఫ్రేము తీసి ఆమె మొహం చూశాడు. అద్దాలు లేకుండానే అంతా కనిపించినట్టుంది. "అయ్యో! నేను నోరు జారానా?"

"లేదు సార్, మంచి పని చేశారు" అంది ఆమె. "కూర్చోండి. ఇంకో కన్ను ఉంది."

రెండు నెలల కిందట. అప్పుడు అతను మూడు రోజులు ట్రైనింగ్ అని వెళ్ళాడు. తిరిగొచ్చాక నడుము పట్టేసిందని, ఆ హోటల్లో పరుపు బాలేదని చెప్పాడు. ఆమె ఆ పరుపుని నోరారా తిట్టింది కూడా. ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తోంది గానీ, పక్కనే ఉన్న మొగుడి మొహంలో భయాన్ని బద్ధకం అనుకుంది. ఆ మాట తల్చుకుంటే ఆమెకి కోపం, ఏడుపు, తన మీద తనకే నవ్వు, అన్నీ ఒకేసారి వచ్చాయి.

షాపులో చెప్పి గంట ముందే ఇంటికి వచ్చేసింది. తాళం తీసే ఉంది. అతను కనిపించలేదు. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి, కిటికీలోంచి పెరట్లోకి చూసింది.

వెనక గది గోడకి నిచ్చెన ఆనించి ఉంది. అతను మూడో మెట్టు మీద ఉన్నాడు. రెండు చేతులతో నిచ్చెనని వాటేసుకుని, నుదురు మెట్టుకి ఆనించి, కళ్ళు మూసుకుని. చొక్కా వీపంతా చెమట. నాలుగో మెట్టు మీదికి కాలెత్తాడు, దించేశాడు. మళ్ళీ ఎత్తాడు, దించేశాడు. తర్వాత ఒక్కో మెట్టూ తడుముకుంటూ కిందికి దిగి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని అక్కడే చతికిలబడ్డాడు.

ఆమె గుక్కెడు నీళ్ళు తాగి, గ్లాసు నింపి పెరట్లోకి వెళ్ళింది.

అతను గబుక్కున లేవబోయాడు. "ఇంత తొందరగా వచ్చావేం? నేను... అంటే, నిచ్చెన బూజు దులుపుతూ..."

"ఎన్ని మెట్లు?" అందామె.

అతను ఆమె మొహంలోకి చూశాడు. అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది.

"మూడు" అన్నాడు. "నిన్నటిదాకా రెండే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల అవుతోంది. రోజూ నువ్వు వచ్చేలోపు. ఎవరు చెప్పారు? మా సూపర్‌వైజరేనా? ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

"ఆయన నోట్లో నానకపోవడం నా అదృష్టం. నీ నోట్లో రెండు నెలలు నానింది చూడు, అదీ పాపం." ఆమె నిచ్చెన కింది మెట్టు మీద జాగ్రత్తగా కూర్చుంది. నీళ్ళు అతనికి ఇచ్చింది. "ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు భయపడతావని."

"బాబూ, నేను ఇప్పటికే భయపడుతున్నాను!"

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే గోడ మీది పిట్ట ఎగిరిపోయింది.

"నీకు పాపాయి ఇష్టం లేదేమోనని భయం. రేపు నేనొక్కదాన్నే అన్నీ చూసుకోవాలేమోనని భయం. కాన్పు అంటే భయం. మొన్న హాస్పిటల్లో నర్సు 'భయంగా ఉందా అమ్మా' అంటే 'అబ్బే, నాకా!' అని నవ్వాను. బయటికొచ్చి బాత్రూంలో ఏడ్చాను. నువ్వు బయట నా చెప్పులు పట్టుకుని నిలబడ్డావు, గుర్తుందా? 'ఇంతసేపేంటి' అంటే 'క్యూ' అన్నాను."

అతను గ్లాసు కింద పెట్టాడు. "క్యూ లేదా?"

"పురుగు కూడా లేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. నవ్వుతూ నవ్వుతూ ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అతను మోకాళ్ళ మీద దగ్గరికి జరిగి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. లోపలి నుంచి పాపాయి సరిగ్గా అతని చెవి మీద ఒక్క తన్ను తన్నింది.

"చూశావా, కోపం వచ్చింది" అన్నాడు.

"రాదూ మరి!"

అతను తలెత్తకుండానే చెప్పాడు. "పడుతున్నప్పుడు నాకు ఒక్కటే గుర్తొచ్చింది. పాపాయి మొహం ఇంకా చూడలేదే అని. ఆ తర్వాత నిచ్చెన చూసినప్పుడల్లా అదే. ఇష్టం లేకనా? ఇష్టం ఎక్కువై కాళ్ళు రావట్లేదు."

ఆమె అతని జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.

"పాపాయి నిన్ను అడిగిందా, నా పెంకులు నువ్వే వెయ్యాలని?" అంది. "దానికి నెత్తి మీద నీళ్ళు పడకపోతే చాలు. నాకు నువ్వు కింద ఉంటే చాలు. మేస్త్రీకి ఫోన్ చెయ్యి."

"ఆయన్ని పంపేశాను కదా. ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

"ఉన్న మొహమే. బాగానే ఉంది."

మర్నాడు ఉదయమే మేస్త్రీ వచ్చాడు. బక్కపల్చటి పెద్దాయన. గుమ్మంలోనే ఆగి, "లోపలికి రావచ్చాండీ, లేక పోయినసారి లాగా ఇక్కణ్ణుంచే వెళ్ళిపోనా?" అన్నాడు.

తలుపు తీసిన భర్త చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తలుపు పక్కన నిలబడి వింటోంది. అతను ఏదో సాకు చెబుతాడేమో అనుకుంది.

"తప్పు నాదేనండీ" అన్నాడు అతను. "నేను నిచ్చెన ఎక్కలేను. పడ్డప్పట్నుంచి భయం పట్టుకుంది. ఆ మాట చెప్పుకోలేక మిమ్మల్ని పంపేశాను."

మేస్త్రీ అతన్ని కిందా మీదా చూశాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"దానికేముందయ్యా! బస్సు వంతెన ఎక్కితే నేను కళ్ళు మూసుకుంటాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని 'అయిపోయింది, తెరువు' అనేదాకా తెరవను. ముప్పై ఏళ్ళుగా పైకప్పుల మీద తిరుగుతున్నాను. చెప్పుకుంటే ఎవరన్నా నమ్ముతారా? కింద నుంచి పెంకులు అందిస్తావా?"

"అందిస్తాను."

ఇద్దరూ సెలవు పెట్టారు. పని జరిగిన రెండు రోజులూ అతను పెంకులు అందించాడు. పగిలినవి ఏరాడు, సున్నం కలిపాడు, మేస్త్రీ ఎక్కి దిగేటప్పుడల్లా నిచ్చెన కాలు వదల్లేదు. ఆమె పెరట్లో కుర్చీ వేసుకుని, పొట్ట మీద జామకాయ ముక్కల పళ్ళెం పెట్టుకుని అజమాయిషీ చేసింది. "ఆ మూల వంకరగా ఉంది మేస్త్రీ గారూ" అంటే, "కళ్ళద్దాలమ్మ చూపు తప్పుతుందా" అని ఆయన మళ్ళీ సర్దాడు. రెండో రోజు సాయంత్రం మూడో మెట్టు మీద నిలబడి ఆఖరి పెంకు అందించాడు అతను. నాలుగోది ఎక్కుతావా అని ఎవరూ అడగలేదు.

వాన మాత్రం వెంటనే రాలేదు. కావాలన్నప్పుడు మొహం చాటేసింది. ఇద్దరూ రోజూ ఆకాశం వైపు చూడటం, నిట్టూర్చడం. పదకొండో రోజు మధ్యాహ్నం ఉరుములతో దిగింది. ఇద్దరూ వెనక గదిలో నేల మీద పక్కపక్కన కూర్చుని పైకప్పు చూశారు. పావుగంట. అరగంట. పెంకుల మీద వాన దరువు వేస్తోంది. లోపల గచ్చు పొడిగా ఉంది.

"ఒక్క చుక్క లేదు" అన్నాడు అతను గుసగుసగా.

ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమైంది? ఎక్కడన్నా కారుతోందా?"

"పైన కాదు" అందామె పళ్ళ బిగువున. "నొప్పులు మొదలయ్యాయి."

హాస్పిటల్లో ఆ నర్సే ఉంది. ఆమెని పడుకోబెట్టి, నాడి చూస్తూ అలవాటుగా అడిగింది. "భయంగా ఉందా అమ్మా?"

"చచ్చేంత భయంగా ఉంది సిస్టర్" అందామె.

"నాకూ" అన్నాడు పక్కనున్న అతను.

"ఇద్దరూ భయపడితే ఎలా? ఒకళ్ళన్నా ధైర్యంగా ఉండాలి కదా."

"ఒక్కళ్ళం భయపడి చూశాం సిస్టర్, కుదర్లేదు" అందామె. "కలిసే భయపడతాం. మీరు కానివ్వండి."

నర్సు నవ్వి కర్టెన్ లాగింది.

సాయంత్రం ఆరు దాటాక అమ్మాయి పుట్టింది. పుట్టీ పుట్టగానే వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. నర్సు తెల్లటి గుడ్డలో చుట్టి, అతని దగ్గరికి తెచ్చి చేతులు చాపమంది.

చేతులు చాపాడు. అవి ఆకుల్లా వణుకుతున్నాయి. ఒకప్పుడైతే జేబుల్లో దాచుకునేవాడు.

"ఒక్క నిమిషం సిస్టర్. చేతులు వణుకుతున్నాయి. కూర్చుని ఎత్తుకుంటాను" అన్నాడు.

మంచం మీద ఆమె, ఓపిక లేని ఒంటితోనే, కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. అతను ఆమె పక్కన కూర్చుని, వీపు గోడకి ఆనించి, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకున్నాడు. ఆమె తన అరచేతిని అతని చేతి కింద ఆసరాగా ఉంచింది.

"ఇప్పుడు ఇవ్వండి" అన్నారు ఇద్దరూ.