వీపు మీది అంకె

హనుమకొండ మైదానంలో పరుగు పందెం మొదలుకాబోతోంది. ఎనిమిదిమంది అమ్మాయిల వీపుల మీద సమభార కంచుకాలనే బరువు చొక్కాలు బుడబుడమంటూ నిండుతున్నాయి. దేహమాపకం అనే యంత్రం ఎముకనూ కండనూ రక్తాన్నీ చూసి, పుట్టుకతో ఎవరికెంత అనుకూలత దక్కిందో లెక్కకడుతుంది. అందుకు తగ్గ భారద్రవం కంచుకంలోకి చేరుతుంది. ఇప్పుడు బడిపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడాలన్నా కంచుకం తొడుక్కోవాల్సిందే. అమ్మలు టిఫిన్ డబ్బా మరిచిపోతారేమో గానీ దాన్ని మరిచిపోరు.

యామిని ట్రాన్స్ మహిళ. కంచుకాలు వచ్చాకే ఆమెను ఆడవాళ్ల పోటీల్లోకి రానిచ్చారు. అయినా ఆమె పక్క వరుసలో పరిగెత్తే స్వరూపకు అనుమానం తీరలేదు. యామిని మీద ఉండాల్సినదానికన్నా తక్కువ బరువు వేస్తున్నారని ఏళ్లుగా కొట్లాడింది. "ఎవలి మీద ఎంతున్నదో అందరికి కనవడాలె" అని చివరికి క్రీడా సమాఖ్యను ఒప్పించింది. అందుకే ఈ రోజు తొలిసారిగా ప్రతి కంచుకం వెనుకా బరువు అంకెల్లో వెలగబోతోంది.

వెలిగింది. యామిని వీపు మీద రెండు కిలోలు. ఏళ్ల తరబడి వాడిన మందులు ఆమె బలాన్ని చాలావరకు తగ్గించేశాయి. తక్కినవాళ్లకు ఒకటి, ఒకటిన్నర. ఒక్క వీపు మీద మాత్రం అయిదు.

ఎవరి వీపు వాళ్లకు కనబడదు. స్వరూప ఎదుటి పెద్ద తెర మీద ఆ అయిదును చూసి, "గది యామినిదే గద సార్?" అని రిఫరీని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపి ఆమె వీపునే చూపించాడు. ఆమె పట్టుబడితే మళ్లీ కొలిచాడు. అదే వచ్చింది.

"గంత బలం నీ పుట్టుకలనే ఉన్నది బిడ్డా. నీ తప్పేం లేదు" అన్నాడు.

ఇన్నాళ్లూ తాను మోసినంతే అందరూ మోస్తున్నారనుకుంది స్వరూప, పాపం.

"గట్లయితే ఈమె ఆడపిల్లేనా?" గ్యాలరీలో ఎవరో మెల్లగానే అన్నారు. ఆ మాట వరుసలన్నీ దాటింది. జనం ఫోన్లు పైకెత్తారు.

ఆ చూపులు యామినికి కొత్త కాదు. కానీ జీవితంలో మొదటిసారి అవి తన మీద లేవు. ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందో తెలిశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

కంచుకం పట్టీలు వీపు వెనుక ఉంటాయి. పక్క వరుస అమ్మాయే వాటిని బిగించాలని నియమం. స్వరూప ఎప్పుడూ మొహం తిప్పుకుని, వేళ్ల కొసలతో యామిని పట్టీలు బిగించేది. ఈ రోజు యామిని ఆమె పట్టీలను ఒక్కొక్కటే సరిచూస్తూ బిగించింది.

"సరిగ్గున్నదా?"

స్వరూప ముందుకు జరిగి తన గీత దగ్గర నిలబడింది.

తుపాకీ పేలింది. యామిని పరిగెత్తింది. ఎప్పుడూ వెన్నంటి వచ్చే స్వరూప అడుగుల చప్పుడు ఈసారి లేదు. గీత దాటి, గెలిచి, వెనక్కి చూసింది. స్వరూప కంచుకంతోనే గేటు వైపు నడిచిపోతోంది. అయిదు ఇంకా వెలుగుతూనే ఉంది. ఫోన్లన్నీ ఆమె వెంటే తిరుగుతున్నాయి.

మైకులో తన పేరు చదువుతుండగానే యామిని పరిగెత్తి ఆమెను అందుకుంది.

"ఆగు స్వరూపా. పట్టీలు విప్పుత."

"వద్దు." స్వరూప వెనక్కి తిరగలేదు. "ఇప్పినా అందరికి కనవడుతనే ఉంటది."

అది నిజమని యామినికి ఎవరూ చెప్పక్కర్లేదు.