అలినూర్ కాళ్ల దారం

"చేతులు చూపించండి."

ఎల్దియార్ గేటు తీసి పలకరించే తీరే అది. పశువుల డాక్టర్ బెగిమాయ్ నవ్వాపుకుంది. చలికాలమంతా ఈ ఇంటికి వస్తూనే ఉంది. గొర్రెల కోసమేనని ఊళ్లో చెప్పుకుంది.

"చూశారుగా, రెండూ ఉన్నాయి. పరుగు పందేనికి మీ అమ్మగారు రమ్మన్నారు."

"ముందు సబ్బు. తర్వాత శానిటైజర్. బూట్లు బయటే."

"నన్ను కూడా బయటే వదిలేసి రమ్మంటారా?"

"ఒరే, చుట్టాల్ని గేటు దగ్గరే కడిగేస్తావేంట్రా!" అని లోపలినుంచి అతని తల్లి సైరాకాన్ పెద్దమ్మ కేకేసింది.

ఆ రోజు ఆవిడ మనవడు అలినూర్‌కి దారం కోసే వేడుక. మా నారిన్ కొండల్లో తొలి అడుగులేసే పిల్లల కాళ్లు రెండూ కలిపి నలుపు తెలుపు దారం కడతారు. పరుగెత్తి ముందొచ్చినవాళ్లు దాన్ని కోసి, పిల్లవాణ్ణి నడిపిస్తారు. వాళ్ల చురుకే వాడికీ వస్తుందని నమ్మకం.

ఎల్దియార్ మాత్రం వాకిలంతా ప్లాస్టిక్ షీటు పరిచాడు. కత్తిని మరిగించాడు. కొడుక్కి రెండేసి మేజోళ్లు తొడిగాడు. చుట్టాలు పగలబడి నవ్వారు.

"వాణ్ణి ఆకాశంలో నడిపిస్తారా?" అంది బెగిమాయ్.

అతను నవ్వలేదు. "వాళ్లమ్మకి మామూలు జ్వరమే అనుకున్నాం. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఫోన్లో ఎవరేం చెప్పినా చేస్తున్నా. ఒక్కటి మానేస్తే వీడు కూడా..."

బెగిమాయ్ అలినూర్ తల నిమిరింది. "భయం నాకూ ఉంటుందండీ, ప్రతి గొర్రెపిల్లకీ. అయినా గడ్డిలో వదిలితేనే కదా అది నిలబడేది."

"నా కొడుకు గొర్రెపిల్లా?"

"ఛ! గొర్రెపిల్ల ఇంత మొండిగా ఉండదు. వీడు తండ్రి పోలిక."

ఎల్దియార్‌కి నవ్వొచ్చేసింది. కాసేపు కొడుకు వైపే చూశాడు. తర్వాత వంగి షీటు చుట్టేశాడు. మేజోళ్లు తనే లాగేశాడు.

పందెం మొదలైంది. బెగిమాయ్ చెప్పులు కూడా లేకుండా బురదలో పరుగెత్తి, అందరికంటే ముందొచ్చింది.

"కత్తి ఇంకా వేడిగా ఉంది, చూసుకో," అన్నాడు ఎల్దియార్. 'మీరు' ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియదు.

దారం తెగింది. అలినూర్ ఆమె వేలు పట్టుకుని తప్పటడుగులేసి చతికిలబడ్డాడు. నూనెలో వేగిన బోర్సోక్ రొట్టె ముక్కొకటి మట్టిలో పడుంటే తీసి కొరికి, మిగిలింది ఆమె నోటికందించాడు.

"ఆగు!" ఎల్దియార్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

చుట్టాలంతా ఉసూరుమన్నారు.

"సగం నాకు," అని తుంచుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఎలా ఉంది?"

"కరకరలాడుతోంది. నువ్విక్కడే ఉండిపోతే నాకూ అలవాటైపోతుంది. నువ్వంటే నాకిష్టం, బెగిమాయ్."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. పెద్దమ్మ అప్పుడే తన వెండి పోగులు తీసేస్తోంది. మా వైపు కాబోయే అత్తగారు అమ్మాయి చెవికి పోగులు పెడితే సంబంధం ఖాయమైనట్టే.

"మరిగించి తీసుకురానా?" అని కొడుకుని అడిగింది.

"వద్దమ్మా! చల్లారేదాకా ఎవరాగుతారు?"

బెగిమాయ్ నవ్వుతూ జుట్టు వెనక్కి తోసి, చెవి చూపించింది.