కొమరయ్య ఒంటి లెక్క

"కొమరయ్యా, ఊపిరి మెల్లగా తీసుకో. కదలకు," అంది డాక్టర్ నీలవేణి. ల్యాబ్ అటెండర్ కొమరయ్య స్కానర్‌లో కట్టెలా పడుకున్నాడు. ఆరు గంటలు అలా పడుకునే తీరిక ఇంజనీర్లెవరికీ లేదు మరి.

ఆమె తయారుచేస్తున్నది బొగ్గుగని కార్మికులు ఛాతీకి కట్టుకునే బిళ్ళ. పైకప్పు కూలితే అది మనిషి గుండెచప్పుడును రేడియోలో పైకి పంపుతుంది. గని యంత్రాల రొద కలవకుండా లోపల ఒక ఫిల్టర్ ఉంటుంది. ఆ ఫిల్టర్ యాంటెనా ఇంపీడెన్స్‌కి, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డుకు, సరిపోవాలి. లేకపోతే, సైజు కుదరని పైపుల జాయింటు దగ్గర నీళ్ళు వెనక్కి తన్నినట్టు, సిగ్నల్ లోపలే ఉండిపోతుంది. ఇంపీడెన్సేమో బిళ్ళ ఆనుకున్న ఒంటిని బట్టి మారుతుంది. అందుకే కంప్యూటర్‌లో స్కాన్ నుంచి తయారైన కొమరయ్య ఛాతీ బొమ్మ మీద యాంటెనా పెట్టి, సిమ్యులేషన్ నడిపి, వచ్చిన అంకెలతో ఫిల్టర్ డిజైన్ చేశారు.

ల్యాబుల్లో ఒక ఫైలు తయారైతే చాలు, రెండోదాని జోలికి ఎవరూ పోరు. ఇంకో పదిమందిని స్కాన్ చేద్దామన్న మాట మీటింగులోనే మిగిలిపోయింది. ఆఖరికి గనిలో పరీక్షించినప్పుడు బిళ్ళ కట్టుకున్నదీ బక్కపలచని కొమరయ్యే. బ్రహ్మాండంగా పనిచేసింది.

రెండేళ్ళకు గని కూలింది. లోపల ఎనిమిది మంది, వాళ్ళలో కొమరయ్య కొడుకు ఓదెలు. రిసీవర్‌లో ఒకే గుండె వినిపించింది, ఓదెలుది. స్పృహలేనివాణ్ణి బయటికి లాగారు. అప్పటికే లోపల మంట రాజుకుంది. మిగతా ఏడు బిళ్ళలూ పలకలేదు కాబట్టి ఏడుగురూ పోయారని రాసుకుని, మంటకు గాలి అందకుండా గని నోటికి గోడ కట్టేశారు. కొడుకు దక్కాడని కొమరయ్య సంతోషం పట్టలేక ఏడ్చాడు.

మూడో రోజు ఓదెలు కళ్ళు తెరిచాడు. "మల్లేశన్నోళ్ళను తీసిన్రా నాయినా? కూలిన బొగ్గు అవతల్నుంచి నాతోని మాట్లాడుతనే ఉండిరి, ఏడుగురు."

కొమరయ్య ల్యాబుకు పరుగెత్తాడు. నీలవేణి అతని ఫైలులోనే ఛాతీకి కాస్త కండ చేర్చి సిమ్యులేషన్ మళ్ళీ నడిపింది. తెరమీద సిగ్నల్ గీత పక్కకు జరిగిపోయింది.

"రెండు వేళ్ళ మందం కండ ఎక్కువుంటే సిగ్నల్ ఫిల్టర్ దాటదు," అందామె నేల చూపులు చూస్తూ. "ఓదెలుది నీ ఒళ్ళే."

"గోడ పలగ్గొట్టియ్యున్రి మేడం."

"గాలి ఆ రోజే అయిపోయి ఉంటుంది కొమరయ్యా."

పదో రోజు దాటాక మల్లేశు పెళ్ళాం సారక్క కొమరయ్య ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"గోడ కట్టకముందే మా ఆయన పానం పోయిందని మిషిన్ చెప్పిందట గదనే అన్నా. గోసపడకుంట పోయిండు. గా మాట పట్టుకునే బతుకుతున్న. మిషిన్ తప్పు చెప్పది గద?"

లోపల మంచం మీద ఓదెలు లేచి కూర్చుని ఏదో అనబోయాడు. కొమరయ్య ఆ గది తలుపు మూసేశాడు.

"చెప్పది చెల్లె," అన్నాడు.